ఎయిడ్స్ ప్రచారవాఙ్మయమున పురుషపాత్ర: కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాల దృష్టితో ఒక విమర్శ

వాఙ్మయవిమర్శకు కావ్యములు, నాటకములు, కథలు మాత్రమే విషయములగునా, లేక జనుల నుద్దేశించి వ్రాయబడిన యే వాక్యమైనను విషయము కాగలదా యను ప్రశ్న మన తెలుగు శాఖలలో అప్పుడప్పుడు వినవచ్చుచుండును. ఒక వాక్యము లక్షలమందిని చేరి, వారి నాలుకలపై నిలిచి, వారి నడవడిని మార్చుటకే ప్రయోగింపబడినపుడు, అది వాఙ్మయము కాదని విమర్శకుడు తొలగిపోవుట న్యాయము కాదని మా యభిప్రాయము. వీరేశలింగముగారి ప్రహసనములను మనము నేటికిని పాఠ్యములుగా బోధించుచున్నాము. అవియు సంఘమును దిద్దుటకై వ్రాయబడిన ప్రచారరచనలే. ఈ వ్యాసమున మేము పరిశీలింపదలచినది అట్టిదే యైన మఱియొక రచన. 2003వ సంవత్సరమున నాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున గోడలపైనను కూడళ్ళయందును వెలసిన ‘పులిరాజా’ ప్రకటన. పులిరాజా యను పేరుగల పురుషునకు ఎయిడ్స్ వచ్చునా రాదా యని యడుగుట తప్ప అందు మొదట మఱేమియు లేదు. ఆ ప్రశ్న నిర్మాణమును పరీక్షించి, దానినుండి పురుషులను బాలురను స్త్రీపురుష సమానతాయత్నమున భాగస్వాములను జేయు విధానమునకు కలిగిన లాభమెంత, లోపమెంత యని తేల్చుట మా యుద్దేశము.

ఈ పరిశీలనకు కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలను క్షేత్రముగా గ్రహించితిమి. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన జరిగిన పునర్విభజనకు పూర్వమున్న యెల్లలనే యిచట ఆ పేర్లకు అర్థముగా గ్రహింపవలెను. నేటి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు పూర్వపు కరీంనగరమునను, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలు పూర్వపు ఆదిలాబాదునను అంతర్భూతములై యుండెను. పురుషుడు ఇల్లు విడిచి దూరదేశమున బ్రదుకుటయు, స్త్రీ ఇంటను నిలుచుటయు తరతరములుగా సామాన్యమైపోయిన సీమ యిది. కావుననే పురుషుని ఉద్దేశించిన వాక్యము సరియైనదా కాదా యని పరీక్షించుటకు ఇంతకంటె తగిన చోటు కానరాదు.

మొదట విషయమును గుర్తించిన విధమును సంగ్రహముగా తెలుపుట యవసరము. భారతదేశమున ఈ వ్యాధికారకము 1986లో మదరాసునందు కనుగొనబడెను. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ యేర్పడెను. ఆంధ్రప్రదేశ్ దేశమున అధికవ్యాప్తి గల యారు రాష్ట్రములలో నొకటిగా పరిగణింపబడెను. 2005–06లో జరిగిన మూడవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేక్షణమున 15 నుండి 49 ఏండ్ల వయసువారిలో దేశమంతటికిని 0.28 శాతమును, ఆంధ్రప్రదేశ్‌నకు 0.97 శాతమును లెక్క తేలెను. ఆ సర్వేక్షణముననే దేశమున పురుషులలో 0.36 శాతము, స్త్రీలలో 0.22 శాతము అని కనబడినది. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వము ఉచితముగా ఔషధములిచ్చుట ప్రారంభించెను. వ్యాప్తి క్రమముగా తగ్గినది. 2019 అంచనాలలో తెలంగాణ రాష్ట్రమునకు 0.49 శాతమని చెప్పబడినది. అయినను ఆ సంవత్సరపు జాతీయ సగటుకంటె అది రెట్టింపునకు పైమాటయే.

ఇదే కాలమున పురుషుని బాధ్యత యను భావము ప్రపంచమున విధానముగా రూపొందుచుండెను. 1994లో కైరోనగరమున జరిగిన జనాభా సమ్మేళనము పురుషుల బాధ్యతలను ప్రత్యేకముగా పేర్కొన్నది. 2004లో ఐక్యరాజ్యసమితి స్త్రీస్థితి సంఘము తన 48వ సమావేశమున, సమానత్వసాధనయందు పురుషుల బాలుర పాత్ర యను విషయమునే చర్చకు స్వీకరించెను. అనగా పులిరాజా మన గోడల కెక్కిన కాలమును, పురుషులను చేర్చుకొనవలెనను సిద్ధాంతము ప్రపంచవేదికల కెక్కిన కాలమును ఇంచుమించు ఒక్కటియే. కాని సిద్ధాంతము పలికిన భాషయు, గోడ పలికిన భాషయు ఒక్కటి కావు. ఆ భేదమును చూపుటయే విమర్శకుని పని.

పులిరాజాకు ముంబయిలో ఒక యన్న గలడు. 2002 చివర ఆ నగరమున పాపులేషన్ సర్వీసెస్ ఇంటర్నేషనల్ అను సంస్థ ‘బల్బీర్ పాషా’ యను కల్పితవ్యక్తిని సృష్టించి, అతనికి వ్యాధి వచ్చునా యని నగరమంతయు నడుగునట్లు చేసెను. పిదప ఒక్కొక్క ప్రకటనలో ఒక్కొక్క కారణము వెల్లడియయ్యెను: మద్యము సేవించినపుడు జాగ్రత్త మఱచుట, ఒక్క స్త్రీయొద్దకే పోవుదునను ధైర్యము, ఆరోగ్యముగా కనబడువారి నుండి భయములేదను భ్రమ. ఆ మాదిరినే తెలుగుదేశమున పులిరాజా వెలసెను.

ఈ రచన గుణములను ముందుగా చెప్పుట ధర్మము. అంతకు మున్ను ఈ వ్యాధినిగూర్చిన ప్రకటనలు కపాలములతోను, మరణభయముతోను నిండియుండెడివి. భయానకము ఒక్కటే రసముగా నడచిన ఆ రచనలు జనులను వ్యాధినుండి గాక వ్యాధిగ్రస్తులనుండి దూరము చేసినవి. పులిరాజా భయపెట్టలేదు, నీతి బోధింపలేదు, ప్రశ్నించెను. ప్రశ్నకు సమాధానము చెప్పక నిలుపుటవలన పాఠకుడే పూరించుకొనవలసి వచ్చెను. వచ్చునా యను కాకువులో తప్పక వచ్చునను అర్థము ధ్వనించుచున్నది. అలంకారశాస్త్రమున కాకువుచే వ్యంగ్యమైన యర్థమునకు ఇంతకంటె జనసామాన్యమునకు తెలిసిన యుదాహరణము ఈ కాలమున దొరకదు. బహిరంగముగా నోరెత్తి పలుకుటకు సిగ్గుపడిన విషయమును టీకొట్లయందును బస్సులయందును మాటాడదగినదిగా చేసినది ఈ ప్రకటన. ఇది సామాన్యమైన మేలు కాదు.

ఇక లోపములు. మొదటిది పేరునందున్నది. పులియు, రాజును కలసిన యా పేరు మగతనమునకు మన సంఘమిచ్చిన రెండు బిరుదులను ఒకచోట చేర్చినది. వ్యంగ్యము స్పష్టమే: ఎంతటి మగవానికైనను ఈ ముప్పు తప్పదని. కాని హాస్యమునకు ఒక స్వభావము కలదు. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణము జరుగవలెనన్న ప్రేక్షకుడు పాత్రయందు తన్ను చూచుకొనవలెను. పరిహాసపాత్రమును చూచినపుడు మాత్రము మనము దానియందు పొరుగువానిని చూతుము. పులిరాజా విషయమున అదియే సంభవించినది. ఆ పేరు కొంతకాలమునకు స్నేహితులు ఒకరినొకరు ఎగతాళి చేయుటకు వాడు మారుపేరైనది. ‘నేను’ అనుటకు బదులు ‘వాడు’ అనుటకు అది తోడ్పడెను. మగతనమును ప్రశ్నింపబూనిన పేరు, తుదకు మగవారి మేలములలో నొకటిగా మిగిలినది.

రెండవ లోపము వ్యాకరణమునందున్నది. ఇదియే మా పరిశీలనకు ముఖ్యాంశము. ఆ ప్రశ్నయందు పులిరాజా ప్రథమావిభక్తిలో లేడు. ‘కు’ ప్రత్యయముతో కూడి, మన వ్యాకర్తలు షష్ఠి యని చెప్పిన విభక్తిలో నిలిచియున్నాడు. వాక్యమునకు కర్త వ్యాధి. క్రియ ‘వచ్చుట’. జ్వరము వచ్చినది, వాన వచ్చినది, కష్టము వచ్చినది యన్నట్లే వ్యాధియు వచ్చును. అది మనకు తెలుగున సహజమైన వాక్యము. ఏ రోగమునైనను మనము అట్లే చెప్పుదుము. కాని సహజమైనది గనుకనే దాని ఫలమును గుర్తింపము. ఆ వాక్యమున పురుషుడు అనుభవించువాడే గాని చేయువాడు కాడు. అతడెక్కడికో పోయినాడు, ఏదో చేసినాడు అనునది యూహకు వదలివేయబడినది. అంతకంటె ముఖ్యమైనది, అతనికి వచ్చినది మఱియెవరికి చేరునను ప్రశ్నకు ఆ వాక్యమున చోటే లేదు. పులిరాజాకు భార్య యున్నదా, బిడ్డలున్నారా? గోడ చెప్పదు.

‘వచ్చు’ ధాతువునకు తోడుగా తెలుగున ‘తెచ్చు’ ధాతువు కలదు. వచ్చినదానికి బాధ్యుడు లేడు, తెచ్చినదానికి గలడు. పులిరాజా తెచ్చినాడా యని యెవ్వరును అడుగలేదు. అయితే ‘తెచ్చు’ ధాతువు ఊరక యుండలేదు. ఇంటియందు అది స్త్రీపై ప్రయోగింపబడినది. దీనికి విధానమే ఒక కారణమైనది. 2002 నుండి తల్లినుండి బిడ్డకు వ్యాధి సంక్రమింపకుండ ఆపు కార్యక్రమము క్రింద గర్భవతులకు పరీక్షలు జరుగుచున్నవి. ఈ కార్యక్రమము వేలాది శిశువులను కాపాడినది, అందు సందేహము లేదు. కాని పరీక్షాగృహమునకు మొదట పోవునది భార్య, ఫలితము మొదట వినునది భార్య. వినివచ్చి చెప్పినది యామెయే గనుక, తెచ్చినదియు ఆమెయే యని అత్తవారింట తీర్పు జరుగును. వివాహిత స్త్రీలలో అధికసంఖ్యాకులకు ఈ వ్యాధి భర్తవలననే సంక్రమించునని పరిశీలకు లందరును చెప్పుచుండగా, ‘కోడలు తెచ్చిన రోగము’ అను వాక్యము మాత్రము పల్లెలలో నిలిచినది. భర్త మరణించిన పిదప ఇల్లు వెడలవలసిన వితంతువు కథ ఈ వ్యాధి చరిత్రలో తఱచుగా వినవచ్చునట్టిదే. పురుషునకు ‘వచ్చు’, స్త్రీకి ‘తెచ్చు’: రెండు ధాతువుల నడుమ ఒక ఇల్లు కూలుచున్నది.

వ్యాధులకు మన భాష పెట్టిన పేర్లయందును ఈ పక్షపాతము కలదు. ‘సుఖవ్యాధి’ యను మాటను వైద్యులును పత్రికలును చిరకాలముగా వాడుచున్నారు. ఎవరి సుఖము? భర్తనుండి దానిని పొందిన భార్యకు ఆ సుఖముతో నేమియు సంబంధము లేదు, కాని పేరు మాత్రమామెకును అంటుకొనును. ‘అంటువ్యాధి’ యను మాటయు నట్టిదే. అంటు, ముట్టు అను పదములు మన వాడుకలో స్త్రీశరీరమును మైలగా భావించు ఆచారముతో పెనవైచుకొన్నవి. ఈ పదములను వినగానే శ్రోత మనస్సు స్త్రీవైపు తిరుగుట యాకస్మికము కాదు. ప్రకటన వ్రాయువాడు వైద్యుని సలహా గైకొనును, చిత్రకారుని సలహా గైకొనును. భాషాశాస్త్రము తెలిసినవాని సలహాయు గైకొనియుండిన ఇట్టి పదములపట్ల మెలకువ కలిగియుండెడిది.

ఇక పురుషుని దిద్దువారెవరు? ఈ ప్రశ్నకు మన యాధునిక కథావాఙ్మయము మొదటనే యొక సమాధానము చెప్పినది. 1902లో హిందూసుందరి పత్రికలో వెలువడిన భండారు అచ్చమాంబగారి ‘ధనత్రయోదశి’, 1910లో ఆంధ్రభారతిలో వెలువడిన గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’, ఈ రెంటిలో నేది మొదటి కథ యను వాదము మన తరగతులలో నేటికిని నడచుచున్నది. ఆ వాదమున మనము గుర్తింపని విశేష మొకటి కలదు. రెండు కథలును భార్య భర్తను దిద్దిన కథలే. మొదటిదానియందు దారిద్ర్యమున పరధనమునకు లోబడిన భర్తను భార్య ధర్మమార్గమునకు త్రిప్పును. రెండవదానియందు వేశ్యల పాటలకు మరగిన గోపాలరావును కమలిని పుట్టింటికి పోయినట్లు నటించి కన్ను తెరపించును. కథ సుఖాంతము. కమలిని ఇంటనే యున్నది, ఆమె నవ్వుతోడనే పశ్చాత్తాపము సంపూర్ణమగును.

ఈ నమూనా యెంత మనోహరమో అంత ప్రమాదకరము. పురుషుడు తప్పు చేయుటకు స్వతంత్రుడు, దిద్దుకొనుటకు మాత్రము అతనికి భార్య కావలెను. ఎయిడ్స్ నివారణ ప్రచారమున చిరకాలము ఇదియే సూత్రముగా నడచినది. కండోమ్ వాడవలెనని భర్తను ఒప్పించుము, పరీక్షకు తోడ్కొనిపొమ్ము, అతని నడవడిని గమనింపుము అని స్త్రీకి బోధించిరి. మహిళాసంఘములలో ఈ బోధ జరిగినంతగా మగవారు కూడుచోట్ల జరుగలేదు. కమలినికి విద్య కలదు, పుట్టిల్లు కలదు, తన్ను ప్రేమించు భర్త కలడు. ఈ మూడింటిలో ఒక్కటియు లేని స్త్రీపై దిద్దుబాటు భారమును మోపుట విధానము కాదు, బాధ్యతను తప్పించుకొనుట.

కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలకు వచ్చినచో ఈ నమూనా మఱింత నిరుపయోగమగును. ఏలన, దిద్దుటకు భర్త ఇంట నుండవలెను గదా! ఈ సీమనుండి పురుషులు పోవు త్రోవలు మూడు. ఒకటి, పడమటి త్రోవ. సిరిసిల్ల ప్రాంతపు పద్మశాలీలు భివండి, షోలాపురము, సూరతు మగ్గములకు తరలిపోయిన చరిత్ర ప్రసిద్ధము. అంతకు పూర్వము 19వ శతాబ్దిలోనే నిజాము రాజ్యమునుండి కట్టడపు పనులకై ముంబయి చేరిన తెలుగు కూలీలను అచట కామాఠీలనిరి. వారు కాపురమున్న పేట కామాఠిపురా. తరువాత ఆ పేటయే దేశమున పేరుమోసిన వేశ్యావాటికయైనది. రాళ్ళు మోసిన మనవారి పేరు మఱియొక యర్థమున లోకప్రసిద్ధమగుట చరిత్ర చేసిన క్రూరమైన శ్లేష. ఆ పేటయందు స్త్రీని కొనిన పురుషుని పేరు మాత్రము ఏ వీధికిని పెట్టబడలేదు.

రెండవది గల్ఫు త్రోవ. 1970 దశాబ్దినుండి ఈ రెండు జిల్లాల యువకులు దుబాయి, మస్కట్, సౌదీ అరేబియాలకు పోవుచున్నారు. ఆ దేశములు కూలికి వచ్చువానికి హెచ్.ఐ.వి. పరీక్ష విధించినవి. వ్యాధి యున్నచో ప్రవేశము లేదు, అచట బయటపడినచో తిరుగుటపా తప్పదు. కావున ఈ సీమయందలి అనేక పురుషులకు పరీక్ష యనగా చికిత్సకు ద్వారము కాదు, బ్రదుకుతెరువునకు అడ్డుగడియ. పరీక్ష చేయించుకొనుమని ప్రకటన చెప్పినపుడు వాని చెవికి ‘నీ వీసా పోగొట్టుకొనుము’ అని వినబడుటలో ఆశ్చర్యమేమి? శబ్దమొక్కటియే యైనను, శ్రోతను బట్టి వ్యంగ్యార్థము మాఱునని మన ఆలంకారికులు ఏనాడో చెప్పిరి.

మూడవది భూమిలోనికి దిగు త్రోవ. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి గనులలో పురుషుడు ఊరి దగ్గరనే యున్నను, పనివేళల యందు కేవల పురుషసమాజమున బ్రదుకును. 1952 గనుల చట్టము స్త్రీలు భూగర్భమున పనిచేయుటను నిషేధించినది. 2019లో గాని కొన్ని నియమములతో ఆ నిషేధము సడలింపబడలేదు. మగ్గముల షెడ్డు, గల్ఫు గది, గనిదారి, ఈ మూడును పురుషులు పురుషులతోనే బ్రదుకు చోట్లు. పులిరాజా యను మేలము పుట్టునదియు అచటనే, దానిని మాన్పింపగలిగినదియు అచటనే. అందుచేత ఇచట పురుషుని దిద్దవలసినవాడు తోటి పురుషుడు. విధానము చేరవలసిన చోటు ఇంటి వంటగది కాదు, ఈ సమాజములు.

అట్టి పురుషసమాజములకు ఈ సీమ సంస్కృతియందు నియమము తెలియనిది కాదు. ఆదిలాబాదు గోండుల దండారి యుత్సవమున యువకులు దళముగా కూడి అతిథులై ఊరూరు తిరుగుదురు. గుస్సాడి వేషము ధరించినవారు ఆ దినములు ముగియువరకు స్నానము మొదలగు విషయములందు కట్టుబాట్లు పాటింతురు. మార్లవాయికి చెందిన కనక రాజుగారికి 2021లో పద్మశ్రీ లభించుటతో ఈ కళ దేశమున తెలిసినది. ఆ కట్టుబాట్లను కాపాడునది ఏ గోండు యువకుని భార్యయు కాదు, వాని దళము. దండారిని ఎయిడ్స్ ప్రచారమునకు వాహనము చేయవలెనని మేము చెప్పుట లేదు. పూజను ప్రకటనగా మార్చుట ఆ ప్రజలకు అవమానము. పురుషుల నియమమును పురుషులే కాపాడుకొను పద్ధతి ఈ నేలయందు కలదని చూపుటయే మా తాత్పర్యము.

బాలుర విషయమున మఱియొక గాథ మనకు తోడ్పడును. ఈ సీమయందు ఒగ్గువారు చెప్పు కథలలో ఎల్లమ్మ కథ ముఖ్యము. వేములవాడ ప్రాంతపు హనుమాజీపేటకు చెందిన మిద్దె రాములుగారివంటి కళాకారులు ఒగ్గుకథకు గొప్ప ప్రసిద్ధి తెచ్చిరి. ఈ కళయందు స్త్రీపాత్రలను పురుషులే ధరింతురు. డోలు వాయించు చేతులే తల్లి దుఃఖమును అభినయించును. పురుషుడు స్త్రీగా పలుకుటను పరిహాసముగా గాక పూజ్యముగా చూచు సభ అట్టి చోటనే కలదు. పురుషులను చేర్చుకొను ప్రయత్నమునకు ఇంతకంటె సిద్ధమైన రంగస్థలము వేఱొకటి లేదు.

కాని కథావస్తువును జాగ్రత్తగా చదువవలెను. ఎల్లమ్మ యే రేణుక. జమదగ్ని భార్యను శంకించి, ఆమె శిరస్సు ఖండింపుమని కుమారుల కాజ్ఞాపించెను. పరశురాముడు ఆజ్ఞను నెరవేర్చి, వరముచే తల్లిని బ్రదికించుకొనెను. వ్యాసభారతము వనపర్వమున ఆ వరమునకు ఒక విశేషము కలదు: తల్లి లేచునపుడు తన వధ ఆమెకు జ్ఞాపకముండరాదు. శంకించిన భర్త, ఖండించిన కొడుకు, మఱచిపోవలసిన తల్లి. ఎయిడ్స్ వచ్చిన యింటి కథ ఇంతకంటె భిన్నముగా లేదు. అంతేకాదు, ఏ దేవత కథయందు స్త్రీకి ఇంత యన్యాయము జరిగినదో ఆ దేవత పేరనే పేద దళిత బాలికలను జోగినులుగా విడుచు దురాచారము తెలంగాణమున పాదుకొన్నది. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనము దానిని నిషేధించినది. శాసనము స్త్రీని అర్పించుటను ఆపుటకు యత్నించెను, అనుభవించిన పురుషుని గూర్చి మన వాఙ్మయము మౌనముగానే యున్నది.

ఆ కథయందే నలుగురు మఱువబడిన పురుషులు గలరు. రుమణ్వంతుడు, సుషేణుడు, వసువు, విశ్వావసువు. పరశురామునికి అన్నలు. తండ్రి యాజ్ఞాపించినను తల్లిపై చేయి యెత్తనివారు. అందుకు ఫలముగా తండ్రి శాపముచే జడులైరి. పితృవాక్యపాలకుడైన తమ్మునికి కీర్తి దక్కినది, చేయనన్న అన్నలకు పేర్లు మాత్రము మిగిలినవి. బాలురకు మనము బోధించిన పాఠ మేదియో ఇందు స్పష్టము. మగవాడన ఆజ్ఞను నెరవేర్చువాడు, సాహసించువాడు, పులి. ‘నేను చేయను’ అనుట మగతనములోని భాగమేయని చెప్పు కథ బాలునికి దొరకదు. స్నేహితులు పిలిచినపుడు రానని చెప్పుటకు, ఇంటిలో శంక మొదలైనపుడు తల్లి పక్షమున నిలుచుటకు, అక్కకు వ్యాధి యున్నదని తెలిసినపుడు ఆమె కంచమును వేఱు చేయనీయకుండుటకు బాలునికి కావలసినది ఆ నలుగురి కథ. 2005లో పాఠశాలలకు ఉద్దేశింపబడిన కౌమారవిద్యా కార్యక్రమమును 2007లో కొన్ని రాష్ట్రములు అశ్లీలమను పేర తిరస్కరించినవి. శరీరమును గూర్చిన బోధకు ఎదురైన యభ్యంతరము, ఇట్టి కథాబోధకు ఎదురుకాదని మా నమ్మకము.

మా వాదమునకు రెండు ఆక్షేపణలు వచ్చునని యెఱుగుదుము. మొదటిది: పురుషుని కర్తగా నిలుపుట యనగా దోషిగా నిలుపుట కాదా? కాదు. దోషియని ముద్రవేసినచో పురుషుడు పరీక్షకు రాడు. ప్రపంచమున అనేక దేశములలో పురుషులు స్త్రీలకంటె ఆలస్యముగా పరీక్షకు, చికిత్సకు వచ్చుచున్నారని ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ సంస్థ 2017లో ప్రత్యేకముగా చెప్పియున్నది. కూలికై దూరదేశమున పదిమంది యొక గదిలో బ్రదుకు యువకుడు లోకమును శాసించు పులియు కాడు, రాజును కాడు. పురుషులతో సంబంధము గల పురుషులను ఈ ప్రచారము చాలకాలము పేర్కొననేలేదు. 2018లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చువరకు చట్టమే వారిని నేరస్థులుగా చూచెను. కర్తయనగా చేయువాడు. తప్పును చేయువాడే కాదు, మంచిని చేయువాడును కర్తయే. పరీక్షకు మొదట తాను పోవువాడు, మందు మఱువకుండ మ్రింగువాడు, భార్యకు తానే చెప్పువాడు, ‘కోడలు తెచ్చినది’ అన్నపుడు ‘కాదు, నేనే’ అనగలవాడు. ఇన్ని క్రియలకు కర్తకాదగిన పురుషుని, ‘వచ్చు’ అను ఒక్క క్రియకు షష్ఠిగా మిగిల్చుటయే లోపము.

రెండవది: వ్యాధి తగ్గినది, ఔషధములు వచ్చినవి, ఇక ఈ విచారమేల? ఔషధము రక్తములోని వ్యాధికారకమును అణచును. ఇంటిలోని తీర్పును అణచలేదు. ఆ తీర్పు సంగతి శాసనకర్తలకును తెలిసియే యున్నది. 2017లో ఆమోదింపబడి 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనికి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టము వ్యాధిగ్రస్తులకు తామున్న ఇంటనే నివసించు హక్కును ప్రత్యేకముగా ప్రసాదించినది. భాగస్వామికి విషయము తెలుపుటవలన, ముఖ్యముగా స్త్రీలకు, హింసయో పరిత్యాగమో సంభవించునని తోచినపుడు వైద్యుడు తెలుపరాదనియు నియమించినది. ఇల్లు వెడలగొట్టుదురేమో, కొట్టుదురేమో యను భయము చట్టమున అక్షరరూపము దాల్చినది. చట్టము చెప్పగలిగినది అంతవరకే. ఇంటిలో తీర్పు చెప్పు భాషను మార్చుట వాఙ్మయముయొక్క పని.

పై చర్చనుండి ప్రచారరచనను పరీక్షించుటకు మూడు ప్రశ్నలు తేలుచున్నవి. వాక్యమున పురుషుడు ఏ విభక్తిలో నున్నాడు? అతనిని దిద్దు భారము ఎవరిపై మోపబడినది? అతడు ఎవరితో కలసి నవ్వుటకు, ఎవరిని చూచి నవ్వుటకు ఆ రచన వీలు కల్పించుచున్నది? ఈ మూడింటిలో పులిరాజా మౌనమును భేదించిన కీర్తిని మాత్రము దక్కించుకొని, తక్కినవానియందు తప్పినదని మా నిర్ణయము. 2010లో ఈ వ్యాధి వస్తువుగా గల సలీంగారి ‘కాలుతున్న పూలతోట’ నవలకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించుటతో, నవలాకారులు ఈ విషయమును సాహిత్యముగా నిలిపిరి. విమర్శకుల వంతు మిగిలియున్నది.

గోడవ్రాతలు వానకు చెరగిపోవును, కరపత్రములు చిత్తుకాగితములగును, కళాజాతాల పాటలు పాడినవారితో పోవును. కరీంనగరము, ఆదిలాబాదు పట్టణములయందలి ఆసుపత్రులలో, కార్మికసంఘముల గదులలో, ఒగ్గు కళాకారుల జ్ఞాపకములలో మిగిలిన యీ వాఙ్మయమును సేకరించి, కాలక్రమమున అమర్చి, అందలి వాక్యములను పరీక్షింపదగిన పరిశోధకులు మన శాఖలలో కలరు. పురుషుడు ఏ సంవత్సరమున, ఏ రచనలో, మొదటిసారిగా ‘నేను’ అని పలికెనో ఆ పరిశోధన తేల్చవలెను. ఆ వాక్యము ఇంతవరకు వ్రాయబడకున్నచో, దాని యభావమును నమోదు చేయుటయు పరిశోధనమే యగును.